పీర్ల పండుగను పాఠంగా చెప్పొచ్చా? ఇద్దరు తండ్రులు అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు

అనంత_సోషల్‌సార్

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్తాను. పోస్టు పెద్దదే, ఓపిగ్గా చదివి సలహా చెప్పండి.

మా వైపు మొహర్రం అంటే పీర్ల పండుగ. పీర్లంటే ఇమామ్ హుస్సేన్ లాంటి అమరుల గుర్తుగా నిలిపే లోహపు పంజాలు. నార్పల మండలం గూగూడులో కొలువైన పీరు కుళ్లాయిస్వామి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. పీర్లను ఊరేగించే చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు, నిప్పులు తొక్కే అగ్నిగుండం, చివర్న పీర్లను నీళ్ల దగ్గరికి తీసుకెళ్లే జలధి. ఆ రోజుల్లో అక్కడికి వచ్చేవాళ్లలో హిందువులే ఎక్కువ కనిపిస్తారు. కుళ్లాయిస్వామికి చక్కెర నైవేద్యంగా చదివించి, అక్కడే ఉన్న ఆంజనేయస్వామికీ మొక్కుకుని వెళ్తారు. పిల్లలు పుడితే కుళ్లాయప్ప, కుళ్లాయమ్మ అని పేర్లు పెడతారు. నా ఎనిమిదో తరగతి హాజరు పట్టీలో ముగ్గురు కుళ్లాయప్పలు, ఒక ఫక్కీరప్ప, ఒక హుస్సేనమ్మ ఉన్నారు. ఎవరూ ముస్లింలు కారు.

ఆ హుస్సేనమ్మ ఒకరోజు క్లాసు అయ్యాక నా దగ్గరికి వచ్చింది. సెలవులకు సిటీ నుంచి వచ్చిన చిన్నాన్న పిల్లలు "నీ పేరేంటి అలా ఉంది, మీరు మతం మారారా?" అని ఆటపట్టించారట. "నేనేం చెప్పాలి సార్?" అంది. కళ్లలో నీళ్లు. ఇరవై రెండేళ్లుగా అవే పేర్లతో హాజరు పిలుస్తున్నా, ఆ పేర్ల గురించి ఒక్కసారీ పాఠం చెప్పలేదని అప్పుడు తట్టింది.

మర్నాడు క్లాసులో చిన్న పని ఇచ్చాను: "మీ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు? ఇంట్లో పెద్దవాళ్లను అడిగి ఒక పేజీ రాయండి." వాళ్లు రాసుకొచ్చినవి చదువుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది. ముగ్గురు బిడ్డలు పోయాక పీరుకు మొక్కుకుంటే నిలిచిన బిడ్డ ఒకరు. మేనమామ అప్పు తీరినందుకు పెట్టుకున్న పేరు ఇంకొకరిది. ఆ ఊపులో పీర్ల పండుగ మీద ఒక వారం ప్రాజెక్టు ప్రకటించాను.

రెండు రోజులకు ఇద్దరు తండ్రులు వచ్చారు, విడివిడిగా. మొదటాయన ముస్లిం. "సార్, పీర్లకు మొక్కడం మా దీన్‌లో, అంటే మా మతంలో లేదు. అది ముస్లింల పండుగ అని మీరు చెప్తే మా అబ్బాయి ఇంట్లో నేర్చుకున్నది తప్పనుకుంటాడు" అన్నాడు. రెండోయన హిందువు. "బడిలో మాకు వేరే మతం పాఠాలెందుకు?" అన్నాడు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. నాకే జవాబు దొరకలేదు. ప్రాజెక్టు ఆపేశాను. ఆపడం సరైనదేనా?

---

పెన్నా_గట్టు

సార్, ఆపొద్దు. మార్చండి.

మాది నెల్లూరు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు ఏటా మా బడి పిల్లలతో వెళ్లేవాణ్ణి, ఇప్పుడు రిటైరయ్యాను. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. తీసుకున్నవాళ్లకు అది తీరితే మళ్లీ వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. చదువుల రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె.

మొదటి ఏడాది నేనూ మీలాగే "మతసామరస్యానికి ప్రతీక" అని బోర్డు మీద రాసి వ్యాసం రాయమన్నాను. ముప్పై మందీ ఒకటే వ్యాసం రాశారు, పేపర్లో చూసినట్టే. రెండో ఏడాది ఆ మాట బోర్డు మీద రాయలేదు. "ఒక్క మనిషితో పది నిమిషాలు మాట్లాడి రండి. ఏ రొట్టె కోసం వచ్చారు, నిరుడు ఏది తీసుకున్నారు, ఎవరి చేతి నుంచి తీసుకున్నారు, వాళ్ల పేరు తెలుసా?" అంతే. చివరి ప్రశ్నకు దాదాపు అందరూ "తెలీదు" అనే చెప్పారు. ఎవరిచ్చారో తెలియకుండానే తీసుకున్నారు. ఆ సంగతి మీద పిల్లలు తమంతట తామే గంటసేపు మాట్లాడుకున్నారు. నేను వింటూ కూర్చున్నాను.

---

సూటిగా_చెప్తా

ఎవరినీ నొప్పించాలని కాదు గానీ ఒక తండ్రిగా అడుగుతున్నా. మా అబ్బాయి ఏడో తరగతి. తెలుగు పేరా తడబడకుండా చదవలేడు, భాగహారం రాదు. ఇలాంటి చోట ఒక వారం పండుగల మీద పెడితే ఆ వారం తిరిగి ఎవరిస్తారు? సామరస్యం ఇంట్లో నేర్పుకుంటాం. బడిలో చదువు చెప్పండి, చాలు.

---

అనంత_సోషల్‌సార్

మీ బాధ నాకు తెలుసు, మా దగ్గరా అదే పరిస్థితి. ఒక్క మాట చెప్తాను. మామూలుగా నాలుగు వాక్యాలు రాయని పిల్లాడు తన పేరు గురించి పేజీన్నర రాశాడు. తప్పులున్నాయి, దిద్దుకున్నాం. రాయడానికి తన దగ్గర విషయం ఉందని వాడికి మొదటిసారి అనిపించింది. ఆ వారం చదువుకు పోయిందని నేను అనుకోవడం లేదు.

---

లెక్కల_మేడమ్

లెక్కలూ అందులోనే ఉన్నాయండి! నేను చేసింది చెప్తాను.

"ఉగాది ఏటా ఎండాకాలం మొదట్లోనే వస్తుంది. మొహర్రం మాత్రం ఒకప్పుడు చలికాలంలో, ఇప్పుడు వానల మొదట్లో. ఎందుకు?" అని అడిగాను. రెండూ చంద్రుణ్ణి చూసి లెక్కేసే పండుగలే. పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులు, సూర్యుడి ఏడాదికి సుమారు 365. ఏటా 11 రోజుల తేడా. మన పంచాంగం ఆ తేడాను పోగుచేసి రెండున్నరేళ్లు దాటాక ఒక అధిక మాసం కలిపి సర్దుతుంది. 2023లో అధిక శ్రావణం వచ్చింది కదా, అదే. ముస్లింల హిజ్రీ క్యాలెండరు సర్దదు. అందుకే మొహర్రం ఏటా ముందుకు జరుగుతూ సుమారు 33 ఏళ్లలో అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. 2010లో పదో రోజు డిసెంబరులో పడింది, 2025లో జులై మొదటి వారంలో.

పిల్లలు ఇంటికెళ్లి నాయనమ్మలను "నీకు గుర్తున్న పీర్ల పండుగ చలిలోనా, ఎండలోనా?" అని అడిగి, దాన్నిబట్టి అది ఏ సంవత్సరమో లెక్కేశారు. ఒక పాప వాళ్ల అవ్వ పెళ్లి ఏడాది అలాగే కనుక్కుంది. భాగహారం, శేషం, సగటు అన్నీ వచ్చాయి. ఆ లెక్కలో ఏ మతమూ గొప్పది కాలేదు, ఏదీ తక్కువా కాలేదు.

---

కడప_బిడ్డ

సార్, ఆ మొదటి తండ్రి తరఫున మాట్లాడాలనిపించి చాలా రోజుల తర్వాత లాగిన్ అయ్యాను. నేను ముస్లింని, డిగ్రీ కాలేజీలో చెప్తాను.

మొహర్రం పదో రోజు ఆషూరా. క్రీ.శ. 680లో కర్బలాలో ప్రవక్త మనవడు ఇమామ్ హుస్సేన్‌ను, ఆయన వెంట ఉన్న కొద్దిమందిని చంపేసిన రోజు. షియాలకు అది శోకదినం. హైదరాబాద్ పాతబస్తీలో బీబీ కా ఆలం ఊరేగింపు చూసినవాళ్లకు ఆ ఏడుపు ఎలాంటిదో తెలుసు. సున్నీల్లో చాలామంది తొమ్మిదో రోజు, పదో రోజు ఉపవాసం ఉంటారు. పీర్లను నిలిపి మొక్కడం దేవుడొక్కడే అన్న మాటకు అడ్డం అని నమ్మే కుటుంబాలు బోలెడు. మాదీ అలాంటిదే. మేము గుండం దగ్గరికి వెళ్లం. దానికి అర్థం మాకు ఊరంటే ఇష్టం లేదని కాదు.

"హిందూ ముస్లింలు కలిసి చేసే పండుగ" అని పుస్తకంలో రాస్తే, చేయని ముస్లిం పిల్లాడు ఏమవుతాడు? కలవనివాడు అవుతాడు. మీ ప్రాజెక్టులో ఆ తండ్రిని నొప్పించింది అదేనని నా అనుమానం.

మా ఇంటి సంగతి చెప్తాను. దేవుని కడప వేంకటేశ్వరస్వామి గుడికి ఉగాది రోజు ముస్లింలు వరస కడతారు. బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, ఆయన మా ఇంటి అల్లుడు అని నమ్మకం. మా దాదీమా ప్రతి ఉగాదికీ కొబ్బరికాయ తీసుకుని వెళ్లేది. మా అన్నయ్య అది తప్పంటాడు. దాదీమా బతికున్నన్నాళ్లూ ఆమెను బండి మీద గుడి దాకా దింపింది మాత్రం అన్నయ్యే. లోపలికి వెళ్లేవాడు కాదు, బయట వేపచెట్టు కింద నిలబడేవాడు. ఆమె ప్రసాదం పెడితే తీసుకునేవాడు కాదు, ఆమె అలిగేదీ కాదు.

నాకు వీలైతే ఆ వేపచెట్టు కింది మనిషిని పాఠంలో పెడతాను. మొక్కేవాళ్లు, మొక్కనివాళ్లు ఒకే బండి మీద వెళ్లడం పిల్లలు చూడాలి.

---

ఓరుగల్లు_తెలుగుపంతులమ్మ

కడప చెల్లెమ్మా, నీ పోస్టు మూడుసార్లు చదివాను. చల్లగా ఉండు.

తెలంగాణ వైపు నుంచి ఒకటి కలుపుతాను. మా దగ్గర ఒక్క ముస్లిం ఇల్లూ లేని ఊళ్లలో కూడా పీర్లు లేస్తాయి. పీర్ల కొట్టం, ముందర అలావా అనే నిప్పుల గుండం, మలీద ముద్దలు, కుడకలు, ఊదు పొగ. చిన్నప్పుడు అలావా చుట్టూ ఆడినవాళ్లమే, అది ఎవరి పండుగో అడిగినట్టు గుర్తులేదు. అయితే హుస్సేన్ ఎవరో, కర్బలా ఎక్కడో కూడా మాకు ఎవరూ చెప్పలేదు. దానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఒకళ్ల దుఃఖం మా ఆట అయింది. రెండు సంగతులూ పిల్లలకు చెప్పాలి.

ఇంకొకటి, తెలుగు వాచకం చెప్పే వాళ్లకు. గోలకొండ ఇబ్రహీం కుతుబ్ షాను మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. 1550 నుంచి 1580 దాకా ఏలిన ఆ సుల్తానుకు అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం అంకితమిచ్చాడు. పొన్నెగంటి తెలగన తొలి అచ్చతెలుగు కావ్యం యయాతి చరిత్రను అంకితమిచ్చింది పటాన్‌చెరు దగ్గరి అమీన్ ఖానుకు. సంస్కృత పదం కలవని తెలుగు కావ్యానికి కృతిపతి ఒక ఖాను! పరీక్షలో ఒక మార్కు బిట్టుగా అడిగి వదిలేస్తాం. అక్కడే ఆగి ఒక్క పీరియడ్ చెప్తే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు, నేను చూశాను.

---

డప్పు_మనవడు

ఇప్పటిదాకా అందరూ బాగా రాశారు. ఒక విషయం ఎవరూ ముట్టుకోలేదు.

మా తాత మా ఊరి పీర్లకు డప్పు కొట్టేవాడు. పది రాత్రులు. రామాలయం మెట్టు ఎక్కనివ్వని ఆ ఊళ్లో పీర్ల చావిడి గడప దాకా రానిచ్చేవాళ్లు. అందుకే మా పేటలో పీరు అంటే ప్రాణం. కానీ పీరును ఎత్తుకునే వంతు మా ఇంటికి ఎప్పుడూ రాలేదు. మలీద పైనుంచి చేతిలో వేసేవాళ్లని మా నాన్న చెప్తాడు.

"అన్ని కులాలూ మతాలూ ఒకటై" అన్న వాక్యం చదివితే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరు ఎక్కడ నిలబడ్డారో అడగకుండా ఒకటయ్యారని ఎట్లా రాస్తారు? సార్, మీ పిల్లలతో ఒక బొమ్మ గీయించండి. చావిడి, గుండం, బావి, జనం. పీరు ఎవరు ఎత్తారు, కట్టెలు ఎవరు కొట్టారు, డప్పు ఎవరిది, ముందు తిన్నది ఎవరు, గిన్నెలు తోమింది ఎవరు, ఆడవాళ్లు ఎక్కడున్నారు. యాభై ఏళ్ల కింద ఒక బొమ్మ, ఇప్పుడు ఒక బొమ్మ. తేడా వస్తే ఎందుకు వచ్చిందో అడగండి. రాకపోతే అదీ అడగండి.

జాషువా పద్యం ఆ పక్కనే చెప్పండి. 1941లో గబ్బిలం రాసిన ఆయన క్రైస్తవుడు. గుడిలోకి రానివ్వని మనిషి తన గోడు కాశీ విశ్వేశ్వరుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలాన్ని ఎవరూ ఆపరు కదా. మతం, కులం, భాష మూడూ ఒకే పద్యంలో ఉన్న కవి మనకుండగా వేరే ఎవరినో వెతకనక్కరలేదు.

---

పెన్నా_గట్టు

తమ్ముడూ, ఇన్నేళ్లు రొట్టెల పండుగకు పిల్లల్ని తీసుకెళ్లాను. గిన్నెలు ఎవరు తోమారన్న ప్రశ్న నాకు రాలేదు. బొమ్మ ఆలోచన మా పాత బడిలో ఇప్పుడున్న మాష్టారికి చెప్తాను.

---

లా_చదువుకున్నా

రెండో తండ్రి ప్రశ్నకు చట్టం వైపు నుంచి జవాబు ఉంది. టెన్షన్ పడకండి సార్.

రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ చేయకూడదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న బడుల్లో కూడా పిల్లల్ని మతబోధలో, ప్రార్థనలో పాల్గొనమని బలవంతం చేయకూడదు, తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలి. మతబోధ వేరు, మతాల గురించి తెలుసుకోవడం వేరు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే చూపి, మతాల గురించి చదవడం 28వ అధికరణానికి విరుద్ధం కాదంది. 51ఏ అధికరణం మతాలకు, భాషలకు, ప్రాంతాలకు అతీతంగా సామరస్యం పెంచడాన్ని పౌరుల విధుల్లో చేర్చింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడి చదువును బయటి జీవితంతో ముడిపెట్టమని మొదటి సూత్రంగానే చెప్పింది.

ఆచరణలో గీత ఇలా గీసుకోండి. "గూగూడులో జనం ఏం చేస్తారు, ఎందుకు చేస్తామంటారు?" పాఠం. "అందరం చక్కెర చదివిద్దాం రండి" పాఠం కాదు. పిల్లల్ని గుండం దగ్గరికి తీసుకెళ్తే తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. రానన్నవాళ్లకు మార్కులు తగ్గని వేరే పని ఇవ్వండి. హెచ్‌ఎం గారికి ముందే కాగితం మీద రాసివ్వండి.

---

లెస్టర్_అమ్మ

మేము ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉంటాం, మాది గుంటూరు. ఇక్కడ బడిలో మతాల గురించిన పాఠం తప్పనిసరి సబ్జెక్టు. 1944 చట్టంతో మొదలైంది. సిలబస్ లండన్ నుంచి రాదు. ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం స్థానిక సంస్థ, టీచర్లు, చర్చీల వాళ్లు, అక్కడుండే ఇతర మతాల ప్రతినిధులు కూర్చుని ఒప్పుకున్నది రాస్తారు. వద్దనుకున్న తల్లిదండ్రులు పిల్లల్ని ఆ పాఠం నుంచి తప్పించవచ్చు కూడా.

మా అమ్మాయి గురుద్వారాకు, మసీదుకు, చర్చికి బడి తరఫున వెళ్లొచ్చింది. అక్కడ ఒక పద్ధతి నాకు నచ్చింది. "సిక్కులు ఇలా నమ్ముతారు" అని రాయనివ్వరు. "కొందరు సిక్కులు", "మేము కలిసిన ఒక సిక్కు కుటుంబం" అని రాయిస్తారు. మాటలో చిన్న తేడా. కడప చెల్లెలు చెప్పిన ఇబ్బందికి అది మందు అవుతుందేమో. "ముస్లింల పండుగ" అనే బదులు "మా ఊళ్లో కొందరు" అని రాయించి చూడండి సార్.

ఆ సిలబస్‌లో హిందూమతం పాఠం చూసినప్పుడు మాత్రం నాకు లోటనిపించింది. దీపావళి, హోలీ ఉన్నాయి. మా అమ్మమ్మ చేసే పోలేరమ్మ కొలుపు లేదు. అడిగితే టీచరమ్మ "మీరే వచ్చి చెప్పండి" అంది. వెళ్లి చెప్పాను. వేపాకులు దొరకక నానా తిప్పలు పడ్డాను.

---

అనంత_సోషల్‌సార్

నెల తర్వాత వస్తున్నాను. ఇక్కడి సలహాలన్నీ ప్రింటు తీసుకుని హెచ్‌ఎం గారికి చూపించి మళ్లీ మొదలుపెట్టాం. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మొదట ఆ ముస్లిం తండ్రి ఇంటికి వెళ్లాను. "ముస్లింల పండుగ అని అనను. మీ ఇంట్లో ఆ పది రోజులూ ఎలా గడుస్తాయో మీరే చెప్పండి" అన్నాను. టీ ఇచ్చి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "శుక్రవారం కాకుండా ఏ రోజైనా వస్తా" అన్నాడు. మంగళవారం వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. ఆయన టైలరు, క్లాసులో నిలబడి మాట్లాడటం మొదటిసారి. కర్బలాలో నీళ్లు ఆపేసిన సంగతి చెప్తుంటే పిల్లలు కదల్లేదు. "అందుకే పీర్ల పండుగకు షర్బత్ పోస్తారా?" అని ఒక కుళ్లాయప్ప అడిగాడు. ఆయన కాసేపు ఆలోచించి "మేము పీర్ల దగ్గరికి పోము నాయనా. కానీ దాహమైనవాళ్లకు నీళ్లు పోయడం మంచిదే, ఎవరు పోసినా" అన్నాడు.

బొమ్మ గీయించాను. డప్పు మనవడు గారూ, మీరు చెప్పినట్టే అయింది. యాభై ఏళ్ల కిందటి బొమ్మలో ఎస్సీ కాలనీ పిల్లలు తమ తాతలను గుండానికి చాలా దూరంగా గీశారు. ఇప్పటి బొమ్మలో దగ్గరికి తెచ్చారు. బావి దగ్గర మాత్రం రెండు బొమ్మల్లోనూ ఎవర్నీ గీయలేదు. ఎందుకని అడిగితే ఒకమ్మాయి "అది వాళ్ల బావి సార్" అంది. క్లాసు అంతా నిశ్శబ్దం. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. నేను ఆ రోజు ఏమీ చెప్పలేకపోయాను. మర్నాడు జాషువా పద్యంతో మొదలుపెట్టాను.

రెండో తండ్రి ఒప్పుకోలేదు. చట్టం చెప్పాను, విన్నాడు, "నాకు ఇష్టం లేదు" అన్నాడు. సరే అన్నాను. వాళ్ల అబ్బాయికి ఊరి చెరువు చరిత్ర రాసే పని ఇచ్చాను. బాగా రాశాడు. అందులో పీర్ల జలధి ఆ చెరువులోనే జరుగుతుందని వాడే రాశాడు. నేను అడగలేదు, దిద్దలేదు.

---

కడప_బిడ్డ

ఆ టైలరు గారికి నా సలాం చెప్పండి సార్. హుస్సేనమ్మ సంగతేమైంది?

---

అనంత_సోషల్‌సార్

చెప్పడం మర్చిపోయాను. వాళ్ల చిన్నాన్న పిల్లలకు ఉత్తరం రాసింది. నాకు చూపించి, కవరు అంటించింది. వాళ్ల నాయన చిన్నప్పుడు విషజ్వరం వస్తే అవ్వ పీరుకు మొక్కుకుందట, బతికితే ఇంట్లో పుట్టే మొదటి బిడ్డకు ఆ పేరు పెడతానని. "మా నాయనకు జ్వరం తగ్గింది కాబట్టి నేనున్నాను. మీ నాయన మా నాయన తమ్ముడు. ఈసారి వచ్చినప్పుడు అవ్వను అడగండి" అని రాసింది. చివర్న సంతకం పూర్తి పేరుతో పెట్టింది.

ఒక చిన్న సాయం. వచ్చే ఏడాది పండుగ ఏ తేదీల్లో పడుతుందో పిల్లలే లెక్కేసి గోడ మీద రాశారు. లెక్కల మేడమ్ గారూ, ఫోటో పెడతాను, ఒకసారి సరిచూస్తారా?

---

లెక్కల_మేడమ్

పెట్టండి సార్. నెలవంక కనబడేదాన్ని బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు, తేదీ పక్కన ఆ మాట కూడా వాళ్లతోనే రాయించండి.